పిళ్ళైయార్ చుట్టూ పళ్ళెం ఆట

మా మామ ఏ పని చేసినా గట్టిగా చేస్తాడు. సరిగ్గా చేస్తాడని మాత్రం నేను ప్రమాణం చేయలేను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. తమిళనాట మా తెలుగువాళ్ళుండే రాజపాళయంలో ఒక నూలు మిల్లులో మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన బిగించిన బోల్టును ఇంకొకడు విప్పలేడని మిల్లులో పేరుండేది. ఆ బోల్టు అక్కడ బిగించాల్సిందా కాదా అనేది వేరే సంగతి, దాన్ని ఎవరూ అడిగేవారు కారు. మా మునిసిపాలిటీ పార్కులో ఈ రోజుకీ కదలకుండా నిలబడి ఉన్న తొమ్మిది డబ్బాలు కూడా ఆయన బిగించినవే.

రిటైరైన మొదటి ఏడు ఆయన్ని చూస్తే నాకు దిగులేసేది. షిఫ్టు సైరన్ వినపడగానే లేచి చొక్కా తొడుక్కుని వీధి గుమ్మం దాకా వచ్చేవాడు. అక్కడ గుర్తొచ్చి, వెనక్కి పోయి కూర్చునేవాడు. వాళ్ళింట్లో ఫ్యాన్లన్నీ విప్పి బిగించాడు. మా ఇంటికొచ్చి మా గ్రైండరు విప్పి బిగించాడు. అది అప్పటి నుంచీ పిండి రుబ్బుతూ రుబ్బుతూ గోడ వైపు నడుచుకుంటూ పోతుంది. మనిషి చిక్కిపోయాడు, మాటా తగ్గింది. అలాంటి రోజుల్లో ఫోన్లో ఒక వీడియో చూశాడు. ఏ దేశమో ఏమో, చలికోట్లు వేసుకున్న మనుషులు చెట్ల మధ్య నిలబడి ప్లాస్టిక్ పళ్ళేలు విసురుతున్నారు. దూరంగా గొలుసులు వేలాడే బుట్ట ఒకటుంది. తక్కువ విసుర్లలో పళ్ళేన్ని ఆ బుట్టలో పడేసినవాడు గెలిచినట్టు. డిస్క్ గోల్ఫ్ అంటారట. ఆ వీడియో ఆయన నాకు ఒకే రోజు నాలుగుసార్లు పంపించాడు, నేను చూడలేదేమోనని.

"పాపా, దీనికి కావాల్సిందంతా మన ఊళ్ళో ఉండాది," అన్నాడు సాయంత్రం ఇంటికొచ్చి. నాకు నలభై ఏడేళ్ళు. ఆయనకి నేనింకా పాపనే.

చెప్పింది నిజమే. మిల్లులో పత్తిని ఏకి, మెత్తటి తాడులా తీసి నింపే పొడుగాటి డబ్బాలుంటాయి. క్యాన్లు అంటారు. మనిషి నడుముకి పైదాకా వస్తాయి, మూతి మాత్రం వంటల గుండిగంత వెడల్పు. పాతబడి షెడ్డు వెనక పారేసిన తొమ్మిది క్యాన్లు మిల్లువాళ్ళు ఈయన మాట తోసేయలేక ఇచ్చేశారు. పళ్ళేలు ఫోన్లోనే ఆర్డరు పెట్టి తెప్పించాడు. మునిసిపాలిటీ పార్కు ఖాళీగానే ఉంది, ఒక ఊగని ఊయల తప్ప అందులో ఆడుకోవడానికి ఏమీ లేదు కాబట్టి వాళ్ళూ సరేనన్నారు. రెండు నెలలు ఎండలో నిలబడి, ఒక్కో క్యాను కింద మోకాలి లోతు గుంట తీయించి, కాంక్రీటు పోయించాడు. భూకంపం వస్తే మా ఊళ్ళో మిగిలేవి ఆ తొమ్మిదే.

తప్పులు మొదటి రోజే బయటపడ్డాయి. నేను పనిచేసేది ఆస్పత్రులకి బ్యాండేజీ గుడ్డ తయారుచేసే కంపెనీలో. నేత చూసి, మడత చూసి, తప్పున్నదాన్ని పక్కన పడేయడం నా పని. తప్పు కనపడితే నా నోరు ఊరుకోదు. ఆ గుణం వల్ల ఇంట్లో నాకు పెద్ద పేరేం లేదు.

మొదటి తప్పు స్ప్రింగు. మిల్లు క్యాను అడుగున ఒక స్ప్రింగూ దాని మీద ఒక పలకా ఉంటాయి. క్యాను ఖాళీగా ఉంటే పలక పైకి లేచి ఉంటుంది, పత్తి తాడు నిండే కొద్దీ కిందికి దిగుతుంది. మామ ఆ స్ప్రింగులు తీయలేదు. ఎవరైనా కష్టపడి పళ్ళేన్ని క్యానులో వేస్తే, పలక ఒక జాన కిందికి దిగి, మళ్ళీ లేచి, పళ్ళేన్ని మర్యాదగా బయటికి పంపించేది.

"స్ప్రింగు తీసేయండి మామా," అన్నాను.

"స్ప్రింగు లేని క్యాను క్యానేనా?" అన్నాడు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. చివరికి, పళ్ళెం పలకకి తగిలి టంగుమని చప్పుడైతే పడినట్టే లెక్క, తర్వాత అది ఎటు పోయినా సరే అని రూలు పెట్టుకున్నాం.

రెండో తప్పు, క్యాన్ల అంచులు. పాత రేకు. చెయ్యి పెట్టి పళ్ళెం తీస్తే వేళ్ళు తెగేవి. దానికి మామ అంచు మార్చలేదు, నన్నడిగి మా కంపెనీ బ్యాండేజీ చుట్ట ఒకటి తీసుకుని సంచీలో పెట్టుకున్నాడు. మూడో తప్పు, నాలుగో క్యానుకి ఎదురుగా, విసిరే చోటికి సరిగ్గా పది అడుగుల్లో, దీపస్తంభం. ఐదో క్యాను కక్కూసు గదుల వెనక ఉంది, కాబట్టి పళ్ళేలు తరచుగా డాబా మీదే ఆగిపోయేవి. ఒక నిచ్చెన శాశ్వతంగా అక్కడే ఆనించి పెట్టారు.

ఇవన్నీ చిన్నవి. అసలు తప్పు వేరే ఉంది, అది నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. నాకు తెలిసి కూడా చెప్పలేదు. ఎందుకో చెబుతాను.

పార్కు నడిమధ్యలో చిన్న పిళ్ళైయార్ గుడి, అంటే వినాయకుడి గుడి, ఉంది, బట్టల బీరువా అంత. దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకుని తిరగడం ఎవరూ నేర్పక్కరలేదు కదా. పొద్దున షుగరుకోసం నడిచేవాళ్ళు కూడా ఆ పార్కులో అలాగే తిరుగుతారు. ఎదురు నడిచినవాణ్ణి ఏ ఊరని అడుగుతారు. మామ తన తొమ్మిది క్యాన్లనీ అలాగే పెట్టాడు. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఆడితే పిళ్ళైయార్‌కి ఒక ప్రదక్షిణం పూర్తవుతుంది. ఆట అయ్యాక మొట్టికాయలు వేసుకుని, గుంజీళ్ళు తీసి ఇంటికి పోవచ్చు. ఇంత చక్కగా ఏ దేశంవాడికి తోచుతుందని ఆయన గర్వం.

కానీ పళ్ళేనికి భక్తి లేదు. కుడిచేతివాడు దాన్ని ఛాతీ దగ్గరికి లాక్కుని విసిరితే, అది తిన్నగా పోయినట్టే పోయి, ఊపు తగ్గగానే ఎడమకి తిరుగుతుంది. ఎవరు విసిరినా అంతే. మా ఆటలో గుడి కుడి పక్కన ఉంటే, ఎడమ పక్కన ఉన్నది కాంపౌండు గోడ. తొమ్మిది చోట్లా పళ్ళెం చివర్లో గోడ వైపుకే తిరిగేది. గోడ అవతల ఒక వైపు బస్సుల రోడ్డు, ఇంకో వైపు మామిడితోట. కుడిచేత్తోనే మణికట్టు తిప్పి వేరే రకంగా విసరొచ్చని ఫోన్లో చూసి కొందరు ప్రయత్నించారు, ఆ పళ్ళేలన్నీ పది అడుగుల్లో నేలకి గుచ్చుకున్నాయి.

"కొండ గాలి," అనేవాడు మామ, పడమటి కొండల వైపు చెయ్యి చూపించి. గాలి లేని రోజు కూడా అదే మాట. ఆడలేనమ్మ మద్దెల ఓడంది అంటారు. మా పార్కులో నిజంగా మద్దెలే ఓడు, దాన్ని చేసినాయన మాత్రం గాలిని తిట్టేవాడు.

అయినా జనం వచ్చారు. సరదా అయిన ఆటకి మంచి ఏర్పాటు అక్కరలేదని నాకప్పుడు తెలిసింది. ఆదివారాలు వరస కట్టి ఆడేవాళ్ళు. ఒకసారి ఒక పళ్ళెం గోడ దాటి తళవాయిపురం పోయే బస్సు మీద పడి దాంతోపాటే వెళ్ళిపోయింది. తిరుగు ట్రిప్పులో కండక్టరు దాన్ని కిటికీలోంచి లోపలికి విసిరాడు. అది కుడిచేతి విసురే కాబట్టి ఎడమకి తిరిగి మళ్ళీ రోడ్డు మీద పడింది. మామ ఇదంతా చూసి నవ్వేవాడు. పొద్దున్నే చొక్కా తొడుక్కుని గుమ్మం దాటి పోయేవాడు, వెనక్కి రావడం లేదు. మళ్ళీ మాటలొచ్చాయి, కొంచెం ఒళ్ళూ వచ్చింది. ఆ డబ్బాలు ఎంత వంకరవైనా నేను వాటికి రుణపడి ఉన్నాను.

ఇప్పుడు నా చెయ్యి సంగతి. నేను పుట్టు పుర్రచేతిదాన్ని. అప్పట్లో మాదీ మామదీ ఉమ్మడి ఇల్లు. చిన్నప్పుడు నన్ను కుడిచేతికి మార్చే పని మామ నెత్తిన వేసుకున్నాడు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. మా ఊళ్ళో బ్యాండేజీ గుడ్డకి కరువా? పొద్దున నేను అన్నానికి కూర్చునే ముందు నా ఎడమ పిడికిలికి బొటనవేలు కూడా కదలకుండా కట్టు కట్టేవాడు. ఆయన కట్టిన కట్టు ఇంకొకరు విప్పలేరు. ఆ కట్టుతోనే బడికి. ఏమైందని అందరూ అడిగేవాళ్ళు. పడ్డానని చెప్పేదాన్ని. రోజూ పడే పిల్ల అని నాకు పేరొచ్చింది. రెండేళ్ళు కట్టాడు. కుడిచేత్తో రాయడం, తినడం వచ్చేశాయి. ఆయన ఎంత సంతోషపడ్డాడో, నాకు కొత్త గౌను కొనిపెట్టాడు.

నాకు ఆయనంటే ప్రాణం. ఆ కట్టు మీద కోపం కూడా ఇంకా పోలేదు. ఆయన నా మంచి కోసమే చేశాడని తెలుసు, తెలియడం వల్ల కోపం పోతుందనుకునేవాళ్ళు కట్టు కట్టించుకోనివాళ్ళు. ఇన్నేళ్ళుగా ఆయన ఎదురుగా నేను గ్లాసు కూడా ఎడమచేత్తో ఎత్తలేదు. కాబట్టి పళ్ళెం కూడా కుడిచేత్తోనే విసిరాను, అందరిలాగే గోడ దాటించాను.

ఒక సాయంత్రం కంపెనీ నుంచి వస్తూ ఒక్కదాన్నే పార్కులో ఆగాను. ఎవరూ లేరు. పళ్ళెం ఎడమచేతిలోకి దానంతట అదే వచ్చింది. విసిరాను. అది తిన్నగా పోయి, ఊపు తగ్గగానే కుడికి, గుడి వైపుకి, లోపలికి తిరిగి, క్యాను పక్కనే దిగింది. ఇంకోటి విసిరాను, అదీ అంతే. తొమ్మిదీ ఆడాను. ఒక్కటి బయటికి పోలేదు. ప్రదక్షిణంగా పెట్టిన ఆట ఎడమచేతివాళ్ళకే సరిపోతుందని అప్పుడర్థమైంది. ఊరంతటికీ వంకరైన ఆటని మామ నా ఒక్కదానికోసమే తిన్నగా కట్టాడు, అదీ తెలియకుండా. నవ్వాలో ఏడవాలో తెలియక పిళ్ళైయార్ ముందు మెట్టు మీద కూర్చున్నాను. తర్వాత వారానికి రెండు మూడుసార్లు, ఎవరూ లేనప్పుడు, అలా ఆడుతూనే ఉన్నాను. చెబితే రెండు చెప్పాలి: నీ ప్రదక్షిణం తప్పు అని, నువ్వు కట్టు కట్టి ఆపిన చెయ్యి ఆగలేదు అని. రెండూ నా నోటికి రాలేదు.

మామిడి పిందెలు పట్టే కాలం వచ్చింది. తోట మా పెద్దమ్మ వరసయ్యే ఒకావిడది. మామకి దూరపు అక్క. ఆవిడ దగ్గర మా ఊరి జాతి తెల్లకుక్క ఒకటుంది, గుర్రంపిల్లలా ఎత్తు. గోడ దాటి వచ్చిన పళ్ళేన్ని అది గాల్లోనే అందుకునేది, అంతవరకు బాగానే ఉంది, కానీ తిరిగి ఇచ్చేది కాదు. అందుకోలేనివి కొమ్మలకి తగిలి పిందెలు రాల్చేవి. పెద్దమ్మ మొదట అరిచింది. తర్వాత రాలిన పిందెలు సంచీలో వేసుకొచ్చి మామ ముందు కుమ్మరించింది. మామ వాటితో ఊరగాయ పెట్టించి ఆవిడకే ఒక జాడీ పంపించాడు. ఆవిడ జాడీ ఉంచుకుని, మునిసిపాలిటీలో మను, అంటే అర్జీ, రాసిచ్చింది.

మను అందుకున్న ఇంజినీరు మేడం వయసులో చిన్న, కొత్తగా బదిలీ అయి వచ్చింది, తెలుగు రాదు. మను అందిన రెండు వారాలకి, తమిళంలోనే, మామకి చెప్పింది. ఆదివారం పొద్దున తను వస్తుంది. తన కళ్ళ ముందు తొమ్మిది క్యాన్లకీ ఒక ఆట పూర్తిగా ఆడి చూపించాలి. ఒక్క పళ్ళెం గోడ దాటినా సోమవారం కాంక్రీటు పగలగొట్టడానికి మనుషులొస్తారు.

ఆ వారమంతా మామ పొద్దున సాయంత్రం సాధన చేశాడు. ఒక్క ఆటా బయటికి పోకుండా పూర్తి కాలేదు. శుక్రవారానికి పళ్ళేలు అయిపోయి తోట గోడ దగ్గర నిలబడి కుక్కని బతిమాలుతున్నాడు. మాట మళ్ళీ తగ్గింది. శనివారం మా ఇంటికొచ్చి, కాఫీ తాగకుండా కూర్చుని, "పాపా, రేపు నువ్వు ఆడు," అన్నాడు.

"నేనా? మీకన్నా ఘోరంగా ఆడతాను కదా మామా."

"నాకు భుజం నొప్పి. నువ్వే ఆడు," అని లేచి పోయాడు.

ఆదివారం పార్కులో జాతర. ఆడేవాళ్ళు, నడిచేవాళ్ళు, అల్పాహారం మానుకుని వచ్చినవాళ్ళు. పెద్దమ్మ కుక్కని గొలుసుతో పట్టుకుని గోడ అవతల స్టూలేసుకుని నిలబడింది, తలా కుక్క మూతీ కనపడుతున్నాయి. మామ పిళ్ళైయార్‌కి మొక్కుకున్న సుండల్, గిన్నెడు శనగ గుగ్గిళ్ళు, ముందే వండించి గుడి మెట్టు మీద పెట్టాడు. ఇంజినీరు మేడం వచ్చి పార్కు చుట్టూ ఒకసారి చూసింది. చదువుకున్న పిల్ల, అయిదు నిమిషాల్లో పట్టేసింది.

"అన్నీ ఎడమకే పోతున్నాయంటే, ఆటని తొమ్మిది నుంచి ఒకటికి, ఎదురు తిప్పి ఆడితే సరిపోతుంది కదా సార్?" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు మామ వైపు తిరిగారు. మామ చాలా మర్యాదగా అడిగాడు: "పిళ్ళైయార్‌ని ఎడమపక్కన పెట్టుకునా, మేడం?"

ఆవిడ గుడి వైపు చూసింది. తనూ మా పక్క ఊళ్ళలో పుట్టిన పిల్లే. "అది సరి," అని ఊరుకుంది.

నేను మొదటి క్యానుకి ఎదురుగా నిలబడ్డాను. పళ్ళెం కుడిచేతిలో ఉంది. మామ నాలుగడుగుల్లో నిలబడి ఉన్నాడు, ఆయన ఎదురుగా వేరే చేతిలోకి ఎలా వస్తుంది? ఎడమచేత్తో విసిరితే ఆట నిలుస్తుంది. తెలుసు. చెయ్యి మారలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది. నలభై ఏడేళ్ళ ఆడదాన్ని, ఇంకా ఆయన కట్టిన కట్టులోనే ఉన్నాను. కుడిచేత్తోనే విసిరాను. పళ్ళెం తిన్నగా పోయి, ఎడమకి తిరిగి, గోడ మీద దాకా పోయి, గోడ పైఅంచుకి తగిలి, ఒక క్షణం అటా ఇటా అని ఊగి, లోపలికి పడింది. కుక్క నిరాశగా ఒక్క అరుపు అరిచింది.

మామ నా దగ్గరికి వచ్చాడు. సంచీలోంచి బ్యాండేజీ చుట్ట తీశాడు. మా కంపెనీదే, నేనిచ్చిందే. నా కుడిచెయ్యి పట్టుకుని, వేళ్ళు మడిచి, పిడికిలి చుట్టూ కట్టడం మొదలుపెట్టాడు. నాకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. చెయ్యి మాత్రం గుర్తుపట్టింది. బొటనవేలు కదలకుండా అదే పద్ధతి, మణికట్టు మీద అదే ముడి. చెయ్యే మారింది.

"మామా, నాకేం తెగలేదు," అన్నాను మెల్లగా.

"తెలుసు పాపా." తల ఎత్తలేదు. "అక్క మను ఇచ్చిన పొద్దు నన్ను కొట్టేకి వచ్చినట్టు వచ్చినాది. ఊరందరి పళ్ళేలూ నా తోటలోకి వస్తాయి, నీ అక్క కూతురు ఒక్కతే ఆడేటప్పుడు ఒకటీ రాదు, అది ఏ చేత్తో విసురుతుందో పోయి చూడు అనినాది. చూసినాను. ఆ చెట్టు వెనకాల నిలబడి మూడు సాయంత్రాలు చూసినాను."

ముడి బిగించాడు. అది గట్టిగానే పడింది.

"ఎంత బాగా విసురుతావు," అన్నాడు. "నేను ఆ చేతిని కట్టేసి పెడితిని."

ఇంజినీరు మేడం దగ్గరికొచ్చి ఏమైందని అడిగింది. మామ ఆవిడ వైపు తిరిగి, మిల్లులో పైఆఫీసరుకి రిపోర్టు ఇచ్చేవాడిలా, "కుడిచెయ్యి పనికిరాదు మేడం. ఎడమచేత్తో ఆడుతుంది," అన్నాడు.

ఆ తర్వాత ఆట గురించి నేను గొప్పలు చెప్పుకుంటాను, వినండి. మొదటి క్యాను రెండో విసురులో టంగుమంది. రెండూ మూడూ అంతే. నాలుగు దగ్గర దీపస్తంభానికి ఎడమగా విసిరాను, అది స్తంభాన్ని చుట్టేసి కుడికి వచ్చి క్యాను ముందు దిగింది. జనం ఊరికే నిలబడి చూస్తున్నారు, చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయారు. ఐదు దగ్గర పళ్ళెం కక్కూసు డాబా మీద ఆగింది. బయటికి పోయినట్టేనని పెద్దమ్మ గోడ మీద నుంచి వాదించింది. ఇంజినీరు మేడం ఆలోచించి, ఆ కట్టడం మునిసిపాలిటీదే కాబట్టి లోపలే అని తీర్పు చెప్పింది. మామ నిచ్చెన ఎక్కి పళ్ళెం తెచ్చాడు, భుజం నొప్పి ఎక్కడికి పోయిందో తెలియదు. ఆరూ ఏడూ రోడ్డు పక్కవి. సేత్తూరు బస్సు డ్రైవరు గోడ పక్కన బండి ఆపి, నా రెండు విసుర్లు చూసి, వెనక హారన్లు మొదలయ్యాక కదిలాడు.

ఎనిమిది తోట పక్కది. అక్కడ కొంచెం భయపడి ఎక్కువ ఊపుతో విసిరాను. పళ్ళెం గోడ వైపుకే, ఎత్తుగా పోయింది. కుక్క స్టూలు మీదికి ముందుకాళ్ళు పెట్టి నోరు తెరిచింది. గోడ మీది మామిడి కొమ్మ దాకా పోయి, ఊపు తగ్గి, అది మెల్లగా కుడికి వాలి, వచ్చిన దారినే లోపలికి వచ్చేసింది. కుక్క నోరు తెరిచే ఉంది.

"ఇది దా, ఇదే నేను చెప్పినాను," అంది పెద్దమ్మ, ఎవరి పక్షమో మరిచిపోయి.

తొమ్మిదో క్యానులో పళ్ళెం పడి, టంగుమని, స్ప్రింగు తోస్తే ఎగిరి బయటికొచ్చి ఇంజినీరు మేడం చెప్పుల దగ్గర పడింది. ఆవిడ వంగి తీసి నా చేతికిచ్చింది. ఎడమచేతికి.

"మీరు ఆడారు, బాగుంది," అంది. "మిగతా ఊరి మాటేమిటి? రేపు వాళ్ళందరూ కుడిచేత్తో విసురుతారు కదా."

అది సరైన ప్రశ్న. మామకి దాని జవాబు ముందే తెలిసినట్టుంది. "ఇంక ఈ పార్కులో అందరూ ఎడమచేత్తోనే విసరాలి మేడం. బోర్డు రాసి పెడతాను," అన్నాడు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది, కానీ ఒప్పుకుంది. బోర్డు మంగళవారానికల్లా లేచింది, కాంక్రీటులో. ఊరంతా ఇప్పుడు ఎడమచేత్తో విసరడం నేర్చుకుంటోంది. రానివాళ్ళ పళ్ళేలు ఇరవై అడుగుల్లో దిగిపోతాయి కాబట్టి గోడ దాటే ప్రశ్నే లేదు. బడిపిల్లలు నన్ను పాఠం చెప్పమంటారు. బోర్డు మీద అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయని నేను మామతో అన్నాను. ఎడమచేత్తో రాసి చూశాడట.

ఆ ఆదివారం మొట్టికాయలూ గుంజీళ్ళూ అయ్యాక మామ అందరికీ సుండల్ పంచాడు. నా వంతు వచ్చేసరికి నా కుడిచెయ్యి తెల్లటి ముద్దలా ఉంది. ప్రసాదం కదా, ఆ కట్టు మీదే ఎలాగో పట్టుకుందామని చాపాను. ఆయన గరిటె ఆపి, "ఆ చెయ్యి పట్టు," అన్నాడు. నా ఎడమ అరచేతిలో నిండా పోశాడు. పిళ్ళైయార్ చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు. నేను అక్కడే మెట్టు మీద కూర్చుని ఎడమచేత్తో ఒక్కో శనగా తిన్నాను. మామ పక్కనే కూర్చున్నాడు. కొబ్బరి కొంచెం తక్కువైందని నేను చెప్పలేదు.

కట్టు విప్పడం ఆయన మరిచిపోయాడు. నేనూ గుర్తు చేయలేదు. సోమవారం దాంతోనే పనికి పోయాను. గుడ్డ మడతలు చూసే బల్ల దగ్గర అందరూ చేరి, చేతికి ఏమైందని అడిగారు.

ఈసారి పడ్డానని చెప్పలేదు. మా మామ కట్టాడని చెప్పాను.